పాత పెట్రోల్ కారులో ఈ20 కొట్టించొచ్చా? అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

మా ఇంట్లో రెండు పాత కార్లున్నాయి. ఒకటి 1998 మోడల్, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే పాతకాలం పరికరం) బండి, నాన్నగారు కొన్నది, దాన్ని అమ్మే ప్రసక్తే లేదు. రెండోది 2011 మోడల్, ఇంజెక్షన్ బండి (కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్ చిమ్మేది), రోజూ ఆఫీసుకి నేను తిప్పేది. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరిన దగ్గర్నుంచి చుట్టాలు, పక్కింటివాళ్లు, ఫ్రెండ్స్ అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అసలు ఈ20 అంటే ఏంటండీ?

బంకులో లీటరు పోయించుకుంటే అందులో 800 మిల్లీలీటర్లు పెట్రోల్, 200 మిల్లీలీటర్లు ఇథనాల్. ఇథనాల్ అంటే ఆల్కహాలే, నీళ్లు దాదాపు పూర్తిగా తీసేసి పెట్రోల్లో కలుపుతారు. చెరకు రసం, మొలాసిస్, నూకలు, మొక్కజొన్న, వీటి నుంచి తీస్తారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా బియ్యం, మొక్కజొన్న ఆధారంగానే ప్లాంట్లు వస్తున్నాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్లో జనం రోడ్డెక్కింది కూడా ఇలాంటి ప్లాంటు వద్దనే. అది వేరే పెద్ద కథ, ఇక్కడ బండి సంగతే మాట్లాడుకుందాం.

ఇది ఉన్నట్టుండి ఎప్పుడు మొదలైంది, మాకెవరూ చెప్పలేదే?

ఉన్నట్టుండి ఏం కాదు. 2003లోనే కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలుపెట్టారు, కానీ 2014 నాటికి కూడా దేశం మొత్తం మీద కలిసింది ఒకటిన్నర శాతమే. ఆ తర్వాత స్పీడు పెరిగింది. 2022 జూన్‌కి 10 శాతం అయింది, 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20ని లాంచ్ చేశారు, అప్పుడు 84 బంకుల్లో మాత్రమే, 2025 వచ్చేసరికి దేశమంతా దాదాపు అదే. మొదట్లో ఈ 20 శాతం టార్గెట్ 2030కి పెట్టుకున్నారు, దాన్ని ఐదేళ్లు ముందుకి జరిపారు. నా బాధంతా ఇక్కడే. 2021లో కారు కొన్నవాడు మాన్యువల్లో 10 శాతం వరకే వాడమని రాసుంటే నమ్మి కొన్నాడు, నాలుగేళ్లు తిరిగేసరికి బంకులో ఉన్నదే 20 శాతం అయింది. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అమ్మాలి, పంపు మీద ఎంత శాతం ఉందో రాయాలి అని సుప్రీంకోర్టులో పిటిషన్ వేస్తే 2025 సెప్టెంబర్ 1న కొట్టేశారు. పంపు మీద స్టిక్కర్ అంటించడం పెద్ద కష్టమైన పని కాదు, అది అడగడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

నా కారు ఈ20కి పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పెట్రోల్ మూత తెరిచి లోపలి వైపు చూడండి, చాలా కొత్త బండ్లకి అక్కడే ఈ20 అని స్టిక్కర్ ఉంటుంది. లేకపోతే ఓనర్స్ మాన్యువల్లో ఫ్యూయల్ అన్న పేజీ తీయండి. మాన్యువల్ కూడా పోయిందంటే ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం చూడండి, రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన తేదీ. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేలా పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి వచ్చేవాటికి ఇంజిన్ ట్యూనింగ్ కూడా ఈ20కే చేస్తున్నారు. తట్టుకోవడం వేరు, దానికోసమే ట్యూన్ చేయడం వేరు, షోరూములో అడిగితే ఈ రెండూ కలిపేసి చెప్తారు, గుర్తుపెట్టుకోండి.

అంతకన్నా పాత బండ్లని నేను రెండు రకాలుగా చూస్తా. ఇంజెక్షన్ ఉన్నవి, అంటే సుమారుగా 2000 తర్వాత వచ్చిన కార్లు, వీటికి కంప్యూటర్ ఉంది కాబట్టి కొంత సర్దుకుంటాయి. దానికి ముందువి కార్బురేటర్ బండ్లు, పాత మారుతి 800, పద్మిని, పెట్రోల్ అంబాసిడర్ లాంటివి, వీటికి సర్దుకునే తెలివి లేదు, మనమే చూసుకోవాలి.

ఇంజిన్ పాడైపోతుందా? సీజ్ అవుతుందని, అంటే లోపల పట్టేసి ఆగిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది.

సీజ్ అవ్వదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కానీ అసలేం తేడా ఉండదన్న మాట కూడా నిజం కాదు.

లోపల జరిగేది ఏంటంటే, ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, అదే ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఎందుకంటే దానిలోనే ఆక్సిజన్ ఉంది. ఈ20కి లెక్కేస్తే సుమారు 13.5 వస్తుంది. అంటే అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఒకటి ఉంటుంది, అది చూసి కంప్యూటర్ ఇంజెక్టర్ని ఇంకొంచెం సేపు తెరుస్తుంది, అక్కడితో అయిపోయింది. ఈ సర్దుబాటు దాని పరిధిలోనే ఉంటుంది. సెన్సర్ ముసలిదైపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు వీక్ అయినా అప్పుడు సర్దుకోలేక చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0171 అని కోడ్ వస్తుంది, ఇంధనం తక్కువైంది గాలి ఎక్కువైంది అని దాని అర్థం. అప్పుడు ఇథనాల్ని తిట్టుకుంటూ కూర్చోకుండా ఆ మూడూ చెక్ చేయించండి.

కార్బురేటర్లో జెట్ సైజు ఫిక్స్, ఎంత రంధ్రం ఉంటే అంతే పెట్రోల్ వెళ్తుంది. అందుకని బండి కొంచెం పలచగా, అంటే గాలి ఎక్కువ ఇంధనం తక్కువగా నడుస్తుంది, పికప్ తగ్గినట్టు, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే వెనక్కి లాగినట్టు ఉంటుంది, చలికాలం పొద్దున్నే చోక్ ఎక్కువసేపు లాగాల్సి వస్తుంది. మా పాత బండికి ఇదే అయింది. తెలిసిన కార్బురేటర్ మెకానిక్ మిక్స్చర్ స్క్రూ కొంచెం తిప్పి సెట్ చేస్తే ఐడ్లింగ్ సర్దుకుంది, హైవే మీద మాత్రం మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేస్తేనే కుదురుకుంది.

మైలేజీ ఎంత తగ్గుతుంది? నాకు 20 శాతం పడిపోయింది!

లెక్క చూద్దాం. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. అందులో 20 శాతం కలిపితే మొత్తం మీద 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. ఇథనాల్ అస్సలు లేని పెట్రోల్‌తో పోలిస్తే ఇది. మనం ఎలాగూ 2022 నుంచి 10 శాతం వాడుతున్నాం, దానితో పోలిస్తే ఇంకో మూడు మూడున్నర శాతం. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లో కూడా ఇథనాల్ లేని పెట్రోల్‌కి డిజైన్ చేసి 10 శాతానికి ట్యూన్ చేసిన కార్లకి 6 నుంచి 7 శాతం, టూ వీలర్లకి 3 నుంచి 4 శాతం తగ్గుతుందని రాశారు. దాచిపెట్టిన విషయమేం కాదు.

డబ్బుల్లో చెప్పాలంటే, మీ కారు లీటరుకి 16 ఇస్తుంది, నెలకి 1000 కిలోమీటర్లు తిరుగుతారు, లీటరు 107 రూపాయలు అనుకుందాం. 4 శాతం తగ్గితే నెలకి రెండున్నర లీటర్లు ఎక్కువ తాగుతుంది, సుమారు 280 రూపాయలు. చిన్నదే అనిపిస్తుంది కానీ ఏడాదికి మూడు వేలు దాటుతుంది, అది మన జేబులోంచే పోతుంది. అదే నీతి ఆయోగ్ రిపోర్టులో ఈ నష్టానికి సరిపడా కలిపిన పెట్రోల్ ధర తక్కువగా ఉండాలని కూడా ఉంది. ధర తగ్గలేదు. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ చెప్పిన కారణం ఇథనాల్ కొనుగోలు ధరే లీటరుకి 71 రూపాయలు దాటింది అని. కారణం అర్థమైంది కానీ నష్టం మాత్రం బండి నడిపేవాడి మీదే పడింది.

మరి మీ 20 శాతం సంగతి. అంత పడిందంటే ఇథనాల్ ఒక్కటే కారణం అవ్వడానికి లెక్క కుదరదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు పట్టేయడం, ప్లగ్గులు, ఏసీ వాడకం చూడండి. ఒక్క ట్యాంకుతో లెక్కేయకండి, ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ వరకు కనీసం మూడు నాలుగు సార్లు రాసుకోండి.

ఏ పార్టులు దెబ్బతింటాయి?

ముఖ్యమైన ప్రశ్న ఇదే, నా దృష్టిలో మైలేజీ కన్నా ఇదే పెద్దది, ఎందుకంటే ఇది డబ్బుల విషయం కాదు, నిప్పు విషయం.

పాత బండ్లలో పెట్రోల్ పైపులు, వాషర్లు, పంపులోని డయాఫ్రం ఆ రోజుల నైట్రైల్ రబ్బరుతో చేసినవి, గ్యాస్కెట్లు కొన్ని బెండువి. ఇథనాల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, బండి కొన్నాళ్లు ఆగి ఆరిపోతే ముడుచుకుంటుంది, అలా ఉబ్బుతూ ముడుచుకుంటూ మెత్తబడి పగుళ్లిస్తుంది. లోహాల్లో అల్యూమినియం, జింక్, ఇత్తడి, పాత ట్యాంకుల లోపల వేసే సీసం తగరం పూత, వీటికి తడి చేరిన ఇథనాల్ పడదు, కార్బురేటర్ గిన్నెలో తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ఇంకోటి, ఇథనాల్ మంచి ద్రావకం, ఇరవై ఏళ్లుగా ట్యాంకు గోడలకి అంటుకున్న జిగురు, మడ్డి అంతా ఊడదీసి ఫిల్టర్‌కి తెచ్చి పెడుతుంది, అందుకే మారిన కొత్తలో చాలామందికి ఫిల్టర్లు మూసుకుపోయాయి.

పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో కొన్ని పాత బండ్లకి 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు పార్టులు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని చెప్పింది. అంటే ప్రభుత్వం కూడా కాదనట్లేదు.

మా సంగతి చెప్తా. పోయిన వేసవిలో కారు షెడ్డులోకి వెళ్తే పెట్రోల్ వాసన. నేల మీద చుక్క లేదు, పైపు పైకి బాగానే ఉంది. వేళ్లతో గట్టిగా వంచి చూస్తే క్లిప్పు పక్కన సన్నగా పగుళ్లు, వాటిలోంచి చెమ్మ. దాని కింద ఒక జానెడు దూరంలో వేడెక్కే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ముందురోజే అమ్మని ఆ కార్లో గుడికి తీసుకెళ్లొచ్చా. ఆ పైపు వయసు కూడా ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి తప్పంతా ఇథనాల్‌దే అనను, వట్టి పెట్రోల్ అయినా ఏదో ఒకరోజు పగిలేదే, ఇథనాల్ ఆ రోజుని ముందుకి లాగింది.

కాబట్టి పెట్రోల్ వాసన వస్తే బండి స్టార్ట్ చేయొద్దు, రేపు చూద్దాంలే అనొద్దు.

మెకానిక్‌కి ఏం చెప్పాలి? ఎంత ఖర్చవుతుంది?

ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ, రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగెళ్లే పైపు), ఆవిరి పైపుతో సహా మార్చమని చెప్పండి. అందరూ ముందున్న పైపు ముక్క మార్చి వెనకాల ట్యాంకు పక్కనున్నది వదిలేస్తారు, అది కనపడదు కాబట్టి. కొత్త పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉండేది అడగండి, దాని లోపలి పొర వైటాన్ రకం రబ్బరు, ఇథనాల్‌ని తట్టుకుంటుంది. మీటరు లెక్కన అమ్మే మామూలు నల్ల పైపు చవగ్గా వస్తుంది, కానీ మళ్లీ రెండేళ్లకి అదే పని. క్లిప్పులు కూడా కొత్తవి. ఫిల్టర్ ఒకటి ఇప్పుడు, ఇంకోటి 3 వేల కిలోమీటర్లకి. కార్బురేటర్ బండైతే కిట్టు మార్పించండి, గ్యాస్కెట్, నీడిల్ వాల్వు, డయాఫ్రం అన్నీ అందులో వస్తాయి, కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కి పనికొచ్చేదేనా అని అడగండి. మా 1998 కారుకి కార్బురేటర్ కిట్టు, కూలీతో కలిపి మూడు వేల లోపే అయింది. ఇంజెక్షన్ బండికి ట్యాంకులో పంపు మార్చాల్సొస్తేనే ఖర్చు పెరుగుతుంది, అది పాడవకుండా ముందే మార్చక్కర్లేదు.

వానాకాలంలో నీళ్లు కలుస్తాయంటున్నారు, నిజమేనా?

నిజమే. మామూలు పెట్రోల్లో నీళ్లు కలవవు, అడుగున విడిగా ఉంటాయి. ఇథనాల్ నీటిని తనలోకి లాగేసుకుంటుంది. కొంచెం తడి అయితే అలా లాగేసుకుని ఇంజిన్లో కాలిపోతుంది, ఇబ్బంది లేదు. కానీ హద్దు దాటితే, అంటే ఈ10లో లీటరుకి దాదాపు 5 మిల్లీలీటర్లు దాటితే, ఈ20 ఇంకొంచెం ఎక్కువే తట్టుకుంటుంది, ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. పెట్రోల్ లాగే పైపు ఉండేది కూడా ట్యాంకు అడుగునే కాబట్టి ఇంజిన్‌కి ఆ నీళ్ల ఆల్కహాలే వెళ్తుంది, బండి జర్కులు ఇచ్చి ఆగిపోతుంది. అలా అయితే సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు, ట్యాంకు మొత్తం దింపించాల్సిందే. మూత రబ్బరు చూసుకోండి, పగిలుంటే మార్చండి. బంకు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజు అక్కడ కొట్టించకండి, ఎప్పుడు కొట్టించినా బిల్లు తీసుకోండి, తర్వాత కంప్లయింట్ ఇవ్వాలంటే అదొక్కటే ఆధారం.

మేం విదేశాల్లో ఉంటాం, కారు ఊళ్లో ఆర్నెల్లు కదలకుండా ఉంటుంది, ఏం చేయాలి?

ఇది మన వాళ్లలో చాలామందికి ఉన్న పరిస్థితి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవర్ కప్పిన కారు, సంక్రాంతికి వచ్చినప్పుడే తీస్తారు. ఆర్నెల్లు పెట్రోల్ అలాగే నిలవుంటే తేలికైన భాగం ఎగిరిపోతుంది, ఖాళీ ట్యాంకులోకి తడి గాలి వెళ్తూ వస్తూ ఉంటుంది. కాబట్టి ఇంజెక్షన్ బండైతే వెళ్లేముందు ట్యాంకు నిండుగా కొట్టించి పెట్టండి, లోపల గాలికి చోటుండదు. కార్బురేటర్ బండైతే గిన్నెలో పెట్రోల్ మిగల్చకుండా ఖాళీ చేయించండి. ఇంట్లో వాళ్లకి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి ఆపేయమని చెప్పకండి, దాని వల్ల ఇంజిన్ ఆయిల్లోకి తడి చేరడం తప్ప లాభం లేదు, పదిహేను రోజులకోసారి తెలిసినవాళ్లతో పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పించండి.

ఎండాకాలంలో సిగ్నల్ దగ్గర ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అవ్వట్లేదు, ఇది కూడా దానివల్లేనా?

కార్బురేటర్ బండైతే అయ్యుండొచ్చు. ఇథనాల్ కలిస్తే పెట్రోల్ తొందరగా ఆవిరవుతుంది, రామగుండం, రెంటచింతల ఎండల్లో బానెట్ కింద పైపులోనే ఆవిరి బుడగలు పట్టి పంపు లాగలేకపోతుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు చల్లారనిస్తే స్టార్ట్ అవుతుంది. పైపు ఇంజిన్ వేడికి దూరంగా జరిపించి దాని మీద వేడి తగలని స్లీవ్ వేయిస్తే చాలావరకు పోతుంది. ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ప్రెషర్లో ఉంటుంది కాబట్టి ఈ గొడవ తక్కువ, దానికి వేరే కారణం వెతకండి.

ప్రీమియం పెట్రోల్ కొట్టిస్తే ఇథనాల్ ఉండదా?

ప్రీమియం అన్నంత మాత్రాన ఇథనాల్ లేనట్టు కాదు, 95 ఆక్టేన్ అని అమ్మేదానిలో కూడా కలుపుతున్నారు. పాత క్లాసిక్ కార్లున్నవాళ్లు 100 ఆక్టేన్ పెట్రోల్ కోసం వెళ్తారు, ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటిది, అది అన్ని ఊళ్లలో దొరకదు, ధర కూడా మామూలు దానికన్నా చాలా ఎక్కువ. నెలకి ఒకసారి బయటికి తీసే బండికైతే ఆలోచించొచ్చు, రోజూ తిరిగే కారుకి ఆ డబ్బుతో పైపులు మార్పించుకోవడమే మేలు.

ఇథనాల్‌ని న్యూట్రల్ చేసే యాడిటివ్ బాటిళ్లు వస్తున్నాయి కదా?

ట్యాంకులో ఉన్న ఇథనాల్‌ని మాయం చేసే మందు ఏదీ లేదు. తుప్పు పట్టకుండా చూసేవి, నిలవకి పనికొచ్చేవి ఉన్నాయి, అవి అంతవరకే. నీళ్లు తీసేస్తుంది అని అమ్మే వాటిలో చాలావాటిలో ఉండేది ఇంకో రకం ఆల్కహాలే, పక్కన ఏం కలిపారో చదివి కొనండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాదంట?

2025 ఆగస్టులో ఆ పుకారు బాగా తిరిగింది, ఈ20 వాడినందుకు ఇన్సూరెన్స్ చెల్లకుండా పోదని పెట్రోలియం శాఖ చెప్పింది. అయినా పైపులు మార్చిన బిల్లులు దాచుకోండి.

బ్రెజిల్లో ఎప్పట్నుంచో వాడుతున్నారు, అమెరికాలో కూడా ఉంది, మనకేంటి సమస్య?

బ్రెజిల్ 1975లోనే మొదలుపెట్టింది, ఇప్పుడు 30 శాతం కలుపుతోంది, నిజమే. కానీ అక్కడ కార్లని దశాబ్దాలుగా దానికోసమే తయారు చేస్తున్నారు, 2003 నుంచి ఎంత శాతమైనా తాగే ఫ్లెక్స్ కార్లున్నాయి. మన 2008 మోడల్ కారుని దానితో ఎలా పోలుస్తాం? అమెరికాలో ఉన్న మనవాళ్లకి తెలిసే ఉంటుంది, అక్కడ మామూలుగా దొరికేది 10 శాతం, 15 శాతం కలిపింది 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతి, బైకులకి, గడ్డి కోసే మెషీన్లకి పోయకూడదు, ఆ మాట పంపు మీదే లేబుల్ వేసి ఉంటుంది. మనం అడిగేది కూడా ఆ లేబులే.

నా పెట్రోల్లో ఎంత ఇథనాల్ ఉందో ఇంట్లో చూడొచ్చా?

చూడొచ్చు, ఆరుబయట, నిప్పు, సిగరెట్, ఫోన్ ఛార్జర్ ఏవీ దగ్గర లేకుండా. గీతలున్న గాజు గొట్టంలో 50 మిల్లీలీటర్ల నీళ్లు, 50 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి మూత పెట్టి బాగా ఊపండి, మధ్యలో ఒకసారి మూత కొంచెం తెరిచి గ్యాస్ వదలండి, పది నిమిషాలు కదపకండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగున నీళ్ల పొర 50 నుంచి దాదాపు 60కి పెరిగితే 20 శాతం ఉన్నట్టు, 55 దగ్గర ఆగితే 10 శాతం. ల్యాబ్ అంత కరెక్ట్ కాదు కానీ ఒక అంచనా వస్తుంది. ఆ పెట్రోల్ మళ్లీ బండిలో పోయకండి, డ్రైనేజీలో అసలు పోయకండి.

బైకులకి?

2020 ఏప్రిల్‌కి ముందు బైకుల్లో ఎక్కువ శాతం కార్బురేటర్‌వే, పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. కొన్ని రోజులు తీయకపోతే పెట్రోల్ ట్యాప్ ఆఫ్ చేయండి, ట్యాంకు లోపల టార్చి వేసి తుప్పు ఉందేమో చూడండి.

డీజిల్ కారు, సీఎన్జీ కారు వాళ్లకి ఇబ్బందుందా?

బంకు డీజిల్లో ఇథనాల్ కలపరు, వాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. సీఎన్జీ కిట్టున్న పాత కార్ల వాళ్లే జాగ్రత్త పడాలి, ఎందుకంటే గ్యాస్ మీదే తిరుగుతూ ట్యాంకులో అడుగున ఓ మూడు లీటర్ల పెట్రోల్ నెలల తరబడి అలాగే వదిలేస్తారు, తడి చేరడానికి, పంపు పాడవడానికి అంతకన్నా అనువైన పరిస్థితి లేదు. వారానికి ఒకరోజైనా పెట్రోల్ మీద ఓ పాతిక కిలోమీటర్లు తిప్పండి, అది అయిపోగానే ఐదు లీటర్లు కొత్తది కొట్టించండి.